చేతికొచ్చిన డబ్బు నెలాఖరు దాకా నిలవాలంటే: పిల్లలకు నేర్పే పద్ధతి

"నెలకు ఎంత ఇస్తే సరిపోతుంది సార్? ఎంత పంపినా ఇరవయ్యో తేదీకల్లా అయిపోయిందని ఫోను చేస్తున్నాడు." అనంతపురం కాలేజీల్లో పిల్లలను చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు కామర్స్ పాఠాలు చెప్పే నన్ను ఏటా అడిగే మాట ఇది. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన రైతూ ఇదే అడుగుతాడు, గుత్తిలో రైల్వే ఉద్యోగం చేసే తండ్రీ ఇదే అడుగుతాడు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. బడికి వెళ్లే చిన్నపిల్లల నుంచి మొదటి జీతం అందుకోబోయే వారి దాకా పనికొస్తుంది.

పిల్లలకు డబ్బు గురించి నేర్పాలనుకోగానే మనం హుండీ కొనిచ్చి పొదుపుతో మొదలుపెడతాం. నన్నడిగితే పొదుపు రెండో పాఠం. ఒకసారి చేతికొచ్చిన డబ్బును మళ్లీ డబ్బు వచ్చేదాకా నిలపడం మొదటి పాఠం. మన వైపు ఇది మరీ అవసరం. వేరుశనగ డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది, అదీ వాన కనికరిస్తేనే. టమోటా ధర బాగున్న వారం చేతినిండా డబ్బు. ధర పడిపోయిన వారం మార్కెట్‌కు తెచ్చిన బండి కిరాయి కూడా రాదు. ఇలాంటి ఇళ్లలో పెరిగే పిల్లలకు ఒకేసారి వచ్చే డబ్బును ఎలా పంచుకోవాలో తెలిసి తీరాలి.

కావలసినవి

- ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను. ఫోనులో రాసుకునే యాప్‌లు చాలా ఉన్నాయి కానీ మొదటి మూడు నెలలు చేత్తోనే రాయించండి.
- పిల్లల పేరు మీద ఒక బ్యాంకు ఖాతా. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా ఖాతా తెరిచి నడుపుకునే వీలు బ్యాంకులు కల్పించవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. ఎంత వరకు తీసుకోనిస్తారు, ఏటీఎం కార్డు ఇస్తారా లేదా అన్నది బ్యాంకును బట్టి మారుతుంది, శాఖలో అడగండి. పోస్టాఫీసులోనూ పదేళ్లు నిండితే పిల్లలు తమ పేరుతో ఖాతా తెరవచ్చు, 500 రూపాయలు చాలు. పిల్లల ఆధార్, పుట్టిన తేదీ రుజువు, మీ గుర్తింపు కాగితాలు, ఫొటోలు తీసుకెళ్లండి.
- డబ్బు ఇచ్చే తేదీ ఒకటి. ఒకటో తేదీ కావచ్చు, ఐదో తేదీ కావచ్చు. పెట్టుకున్నాక మారకూడదు.
- ఇంట్లో పెద్దలందరి ఒప్పందం. దీన్ని చివర రాశాను కానీ అన్నింటికంటే ముందు కుదరాల్సింది ఇదే. నాన్న ఇచ్చింది అయిపోతే అమ్మ, అమ్మ ఇవ్వకపోతే కొంగుముడి విప్పి అవ్వ ఇచ్చే ఇంట్లో కింద చెప్పే ఏ పద్ధతీ పారదు. అవ్వాతాతలను ఇవ్వవద్దని అనకండి, వారి మనసు నొచ్చుకుంటుంది. పండగకు, పుట్టినరోజుకు ఇవ్వమనండి. ఆ డబ్బు పిల్లల ఖాతాలోకి వెళ్లేలా చూడండి.

1. ఇంటి లెక్క ఒకసారి విప్పి చూపించండి

ఒక ఆదివారం పిల్లలను కూర్చోబెట్టి ఇంటి నెల ఖర్చు కాగితం మీద రాయండి. బాడుగ, గ్యాస్, పాలు, కరెంటు బిల్లు, బియ్యం, మందులు. అంకెలు వారి చేత రాయిస్తే ఇంకా మంచిది.

సేద్యం చేసే ఇల్లయితే ఏడాది లెక్క రాయండి. ఉదాహరణకు, వేరుశనగ కాయలు అమ్మగా 2,00,000 వచ్చాయనుకుందాం. అందులో పంట రుణం కట్టాల్సింది 80,000. వచ్చే పంటకు విత్తనాలకు, ఎరువులకు, దుక్కికి తీసి పెట్టేది 40,000. మిగిలింది 80,000. మళ్లీ కాయలు అమ్మేదాకా 12 నెలలు. అంటే నెలకు 6,700 కూడా లేదు. రెండు లక్షల కట్టను కళ్లతో చూసిన పిల్లవాడికి ఈ చివరి అంకె కనబడితే, "కొత్త ఫోను ఎందుకు కొనివ్వరు" అన్న ప్రశ్నకు వేరే జవాబు అక్కరలేదు.

జాగ్రత్త: ఇంటికి అప్పులుంటే ఎంత చెప్పాలి అని చాలామంది అడుగుతారు. పదిహేనేళ్లు దాటిన వారికి ఉన్నదున్నట్టు చెప్పండి, ఎలా తీరుస్తున్నారో కూడా చెప్పండి. చిన్నవాళ్లకు "ఈ ఏడాది కొంచెం కట్టుగా ఉండాలి" అంటే సరిపోతుంది. "నీ చదువు వల్లే అప్పుల పాలయ్యాం" అని మాత్రం ఏ వయసు పిల్లలతోనూ అనవద్దు. ఆ మాట పడ్డ పిల్లలు తర్వాత డబ్బు విషయం ఏదీ మీతో చెప్పరు. అప్పు చేసినా చెప్పరు.

2. ఒక ఖర్చును పూర్తిగా అప్పగించండి

చేతి ఖర్చుకని ఊరికే డబ్బిస్తే పిల్లలు నేర్చుకునేది ఖర్చు చేయడమే. ఇంటికి తప్పనిసరి అయిన ఒక ఖర్చును వారి పేరు మీద పెట్టండి.

- పదేళ్ల దాకా: పెన్సిళ్లు, రబ్బర్లు, బడి దగ్గర చిరుతిండి. వారానికి ఒకసారి ఇవ్వండి.
- 11 నుంచి 14: నోటు పుస్తకాలు, సైకిల్ మరమ్మతు, చిరుతిండి. పదిహేను రోజులకు ఒకసారి.
- 15 నుంచి 18: బస్సు, ఫోను రీచార్జి, జిరాక్సులు, క్షవరం, సబ్బు, నూనె. నెలకు ఒకసారి. ఆర్టీసీ విద్యార్థి పాసు తీసుకోవడం, గడువు తీరకముందే మార్చుకోవడం కూడా వారి పనే.
- 18 దాటితే: పై వాటితో పాటు బట్టలు, పుస్తకాలు. సెమిస్టరుకు ఒకసారి ఇచ్చే దాకా వెళ్లవచ్చు.

తిండి, మందులు, పరీక్ష ఫీజు ఈ మూడూ ఎప్పుడూ మీ బాధ్యతే. వాటిని పిల్లల లెక్కలో కలపవద్దు. మెస్సు బిల్లు డబ్బు చేతికిచ్చి "మిగిలింది నువ్వే ఉంచుకో" అంటే అన్నం మానేసి మిగుల్చుకునే పిల్లలు ఉంటారు.

3. ఎంత ఇవ్వాలో తేల్చండి

పక్కింటి వాళ్లు ఎంత ఇస్తున్నారన్నది వదిలేయండి. రెండు వారాల పాటు ఆ ఖర్చులు మామూలుగా జరగనిచ్చి ప్రతిదీ రాయించండి. దాన్ని నెలకు లెక్కగట్టి, పైన పదో వంతు కలపండి. అంతే. పిల్లలు పాటించగలిగే అంకె అలాగే వస్తుంది. మీకు తోచిన తక్కువ అంకె పెడితే మొదటి నెలలోనే తప్పుతుంది.

ఇక్కడ ఒక చిన్న కిటుకు చెప్పాలి. ఫోను రీచార్జిలు చాలావరకు 28 రోజులవి. నెలకొకటి అనుకుంటాం కానీ ఏడాదికి 13 సార్లు కట్టాలి. పిల్లల చేతే 365ను 28తో భాగించమనండి. 84 రోజులదానితో పోల్చి రోజుకు ఎంత పడుతుందో తేల్చమనండి. ఏది కొనాలో వాళ్లే చెబుతారు.

4. డబ్బు అందిన రోజే విడగొట్టించండి

పద్ధతిలో గుండెకాయ ఇదే, కాబట్టి అంకెలతో చెబుతాను. అనంతపురంలో హాస్టల్‌లో ఉన్న ఇంటర్ అమ్మాయికి నెలకు 3,000 పంపుతున్నారనుకుందాం. మీ అంకె ఎంతైనా లెక్క ఇలాగే సాగుతుంది.

ముందు తప్పనివి: రీచార్జి, ఊరికి రానూపోనూ బస్సు, సబ్బులు, నూనె, రికార్డులు. మొత్తం 1,400. ఇవి మొదటి రెండు రోజుల్లోనే కట్టేయాలి, లేదా విడిగా కవరులో పెట్టాలి.

తర్వాత తాకకూడనిది: 200. ఇది అత్యవసరానికి. ఏది అత్యవసరమో డబ్బు ఇచ్చే రోజే రాసుకోండి: చెప్పు తెగడం, జ్వరం వచ్చి ఆటోలో వెళ్లాల్సి రావడం, ఊరికి హఠాత్తుగా బయలుదేరడం. స్నేహితురాలి పుట్టినరోజు ఈ జాబితాలోకి రాదు.

మిగిలింది 1,400. అందరూ చేసే తప్పు దీన్ని నాలుగుతో భాగించి వారానికి 350 అనుకోవడం. నెలకు 28 రోజులు కావు కదా. చివరి రెండు మూడు రోజులు చేతిలో ఏమీ ఉండదు, సరిగ్గా అప్పుడే చేబదులు మొదలవుతుంది. 1,400ను 30తో భాగిస్తే రోజుకు 46 చిల్లర. వారానికి 320 చొప్పున నాలుగు వారాలకు 1,280 పోతే, 120 నెలాఖరుకు మిగులుతుంది. ఆ 120ని కూడా విడిగా పెట్టించండి.

నగదైతే కవర్లు చాలు. ఫోనుతో చెల్లించే వారు యూపీఐ లైట్ (చెల్లింపుల యాప్‌లోనే చిన్న మొత్తం విడిగా వేసుకునే పర్సు లాంటిది) వాడవచ్చు. సోమవారం ఉదయం అందులోకి ఆ వారం 320 వేసుకుని, వారమంతా దాని నుంచే చెల్లించాలి. అయిపోతే ఆగాలి. రెండు జాగ్రత్తలు: యూపీఐ లైట్ చెల్లింపుకు పిన్ అడగదు కాబట్టి ఫోను పోతే అందులో ఉన్నది పోయినట్టే, వారానికి మించి వేయవద్దు. దానంతటదే మళ్లీ నిండే ఏర్పాటు ఉంటుంది, దాన్ని ఆపేయండి. అది నడుస్తుంటే వారానికింత అన్న గీత చెరిగిపోతుంది.

మీ ఖాతా నుంచే పిల్లలు చెల్లించుకునేలా 2024లో యూపీఐ సర్కిల్ అనే సౌకర్యం కూడా వచ్చింది. అత్యవసరానికి మంచిదే. నేర్పడానికి మాత్రం నేను వద్దంటాను. అడుగు కనిపించని డబ్బాలోంచి తీసుకునే పిల్లలకు అయిపోవడం అంటే ఏమిటో తెలియదు.

5. రోజూ మూడు నిమిషాలు రాయించండి

ఏ రోజు, దేనికి, ఎంత, ఎంత మిగిలింది. ఇంతకంటే గళ్లు వద్దు. ఒక వారం పేజీ ఇలా ఉంటుంది:

సోమ: జిరాక్స్ 24, టీ 10. మిగిలింది 286.
మంగళ: ఉగ్గాని బజ్జీ 40, పెన్ను 10. మిగిలింది 236.
బుధ: ఏమీ లేదు. 236.
గురు: గదిలో అమ్మాయికి చేబదులు 50, వచ్చే సోమవారం ఇస్తానంది. మిగిలింది 186.
శుక్ర: టీ 10, ఆటో 20. మిగిలింది 156.

"మిగిలింది" అన్న గడి ముఖ్యం. ఖర్చు రాసి మిగులు రాయకపోతే అది జ్ఞాపకాల పుస్తకం అవుతుంది, లెక్క కాదు. ఆదివారం నాడు ఆ మిగులును చేతిలో, ఫోనులో ఉన్నదానితో సరిచూడాలి. తేడా వస్తే "తెలియనిది 20" అని రాసి కొత్త వారం మొదలుపెట్టాలి. లెక్క కుదర్చడానికి లేని ఖర్చు కల్పించి రాయడం మొదలైతే పుస్తకం దండగ. తెలియనిది అని రాస్తే కోప్పడనని మీరు ముందే మాటివ్వండి.

మీకు కూడా ఒక నియమం ఉంది. పుస్తకం చూడవచ్చు, విచారణ చేయకూడదు. "ఉగ్గానికి నలభై రూపాయలా?" అన్నారంటే వచ్చే వారం ఆ వరుస పుస్తకంలో ఉండదు, ఖర్చు మాత్రం ఉంటుంది. వారానికి ఒక్క ప్రశ్న చాలు: "ఈ వారంలో దేనికి పెట్టింది దండగ అనిపించింది?" జవాబు విని ఊరుకోండి.

6. ఇరవయ్యో తేదీ ఫోను వచ్చినప్పుడు

వస్తుంది. మొదటి రెండు నెలల్లో దాదాపు అందరికీ వస్తుంది. అప్పుడు మీరు చేసే పనే అసలు పాఠం.

వెంటనే పంపవద్దు. కోప్పడవద్దు. ముందు తిండి, మందులు, ఫీజు సంగతి అడగండి. వాటిలో ఇబ్బంది ఉంటే అది మీ బాధ్యత, ఆ క్షణమే పంపండి. లేదంటే పుస్తకం తీసి చదవమనండి. చదువుతుండగానే ఎక్కడ జారిందో వాళ్లకే వినిపిస్తుంది. తర్వాత, మిగిలిన పది రోజులు ఏ ఖర్చులు ఆపగలరో వాళ్ల చేతే చెప్పించండి.

అయినా కుదరకపోతే వచ్చే నెల డబ్బులోంచి ముందస్తుగా కొంత ఇవ్వండి, మూడో వంతుకు మించకుండా. వచ్చే నెల అంత తగ్గించే పంపండి. ఈ తగ్గించడం దగ్గరే తల్లిదండ్రులు మెత్తబడతారు. పిల్ల మొహం చూసి పూర్తి మొత్తం పంపేస్తారు. అలా పంపిన నెల నుంచి ఇరవయ్యో తేదీ ఫోను ఆనవాయితీ అవుతుంది. ఏడాదిలో రెండుసార్లకు మించి ముందస్తు లేదని మొదటే చెప్పండి.

7. వడ్డీని మన ఊరి భాషలో నేర్పండి

బడిలో బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలు చేసిన పిల్లలకు కూడా ఊళ్లో అనే "రెండు రూపాయల వడ్డీ" అంటే ఏడాదికి ఎంతో తెలియదు. నూటికి నెలకు రెండు రూపాయలు. 10,000కు నెలకు 200, ఏడాదికి 2,400. అంటే 24 శాతం. మూడు రూపాయలైతే 36 శాతం. పక్కనే, మూడు లక్షల లోపు పంట రుణాన్ని గడువులోగా కడితే కేంద్రం ఇచ్చే రాయితీలు పోను రైతుకు పడేది 4 శాతమని రాయండి. ఈ మూడు అంకెలూ ఒకే కాగితం మీద ఉంటే గడువు తేదీ విలువ తెలుస్తుంది.

తర్వాత ఫోనులో అప్పిచ్చే యాప్‌ల లెక్క చేయించండి. 5,000 అప్పు అంటారు. ఆ ఫీజు, ఈ ఫీజు కోసి చేతికి 3,500 వేస్తారు. వారంలో 5,000 కట్టమంటారు. 3,500కు వారంలో 1,500. అంటే వారానికే నూటికి దాదాపు 43. ఊరి వడ్డీ వ్యాపారి ఏడాది మొత్తం మీద తీసుకునేదానికంటే ఇది ఎక్కువ. రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం అప్పిచ్చే సంస్థ ఏదో, ఏడాదికి మొత్తం ఎంత పడుతుందో ముందే రాతపూర్వకంగా చెప్పాలి. ఫోనులోని నంబర్ల జాబితా, ఫొటోలు అడిగే యాప్ ఏదైనా సరే, ఆ క్షణమే తీసేయమనండి. తర్వాత బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీసేది ఆ జాబితాతోనే.

ఒకవేళ మీ పిల్లలు ఇప్పటికే ఇలాంటి అప్పులో ఉన్నారని తెలిస్తే, ఆ రోజు తిట్లు వద్దు, పాఠం వద్దు. పక్కన కూర్చోండి. బెదిరింపు సందేశాలు చెరపకుండా దాచి, సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు ఎంత పోయినా అది రెండో సంగతి. అలాంటి బెదిరింపులకు భయపడి ప్రాణాలు తీసుకున్న యువకులు మన రాష్ట్రంలో ఉన్నారు.

8. ఇప్పుడు పొదుపు

మూడు నెలలు వరుసగా నెలాఖరు దాకా నిలిపారంటే పొదుపు మొదలుపెట్టవచ్చు. మిగిలినది దాచడం అనవద్దు, ఏదీ మిగలదు. డబ్బు వచ్చిన రోజే, తప్పనివి, తాకకూడనిది, వారాల ఖర్చు అన్న మూడింటి పక్కన నాలుగో కవరుగా పెట్టండి, వంద రూపాయలైనా సరే.

పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు 100 నుంచి మొదలవుతుంది. అయితే అది ఐదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూయడం కుదరదు. ఏడాదిలో సైకిలో ల్యాప్‌టాపో కొనాలన్న ఆశ ఉన్న పిల్లలకు బ్యాంకులో 12 నెలల రికరింగ్ డిపాజిట్టే సరైనది. మొదటి పొదుపుకు ఒక వస్తువు, ఒక తేదీ ఉండాలి. "భవిష్యత్తు కోసం" అంటే పదమూడేళ్ల పిల్లకు ఏమీ అర్థం కాదు.

పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి, ఏడాదికి 250 కట్టినా ఖాతా నడుస్తుంది. కానీ అది మీ పొదుపు, పాపకు పాఠం కాదు. బంగారం సంగతీ అడుగుతారు, ప్రొద్దుటూరు దగ్గర్లో ఉంది కదా. చిన్న మొత్తానికి నగ కొంటే తరుగు, మజూరీ కింద పోయింది అమ్మేటప్పుడు తిరిగి రాదు. ఇక తెలిసినవారు నడిపే చీటీలలో పిల్లల డబ్బు వేయవద్దు. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదు కాని చీటీ ఎగిరిపోతే అడగడానికి చేతిలో కాగితం కూడా ఉండదు.

9. మోసాలు, తేలిక డబ్బు

ఈ నాలుగు వాక్యాలు పుస్తకం అట్ట లోపల రాయించండి. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కరలేదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు, బ్యాంకు వారమన్నా సరే. డబ్బు పోతే గంట కూడా ఆగకుండా 1930కి ఫోను చేయాలి. నా ఖాతా, నా సిమ్ ఎవరికీ అద్దెకు ఇవ్వను.

నాలుగోది ఎందుకో చెప్పాలి. "నీ ఖాతాలో డబ్బు పడుతుంది, తీసి ఇస్తే కమీషన్" అని విద్యార్థులను అడిగేవాళ్లు ఉన్నారు. ఆ డబ్బు ఎక్కడో మోసపోయిన వారిది. దర్యాప్తులో ముందు దొరికేది ఖాతా ఎవరి పేరున ఉందో వారే.

పందెం ఆటల మాట కూడా దాచవద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అయినా ఐపీఎల్ రోజుల్లో హాస్టళ్లలో బెట్టింగ్ నడుస్తూనే ఉంటుంది. షేర్ల ధర ముందుముందు ఎటు పోతుందన్న అంచనా మీద నడిచే ఫ్యూచర్స్, ఆప్షన్స్ సంగతి అడిగిన పిల్లలకు షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024లో చెప్పిన అంకె చూపించండి: మూడేళ్లలో అందులో దిగిన వ్యక్తుల్లో 100కు 93 మంది నష్టపోయారు. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వెతకడం మన పిల్లలకు తెలుసు. రాయి దొరికిన ఒక్కరి సంగతి ఊరూరా చెప్పుకుంటారు. వెతికిన మిగతా వారు పోగొట్టుకున్న కూలి ఎంత? రోజు కూలిని రోజులతో, మనుషులతో గుణించమనండి. పందేల్లో "గెలిచిన వాడి" కథ వినిపించినప్పుడు ఇదే గుణకారం చేయాలని చెప్పండి.

తల్లిదండ్రులు ఎక్కువగా చేసే తప్పులు

మార్కులకు డబ్బు కట్టడం ఒకటి. ఫస్టు వస్తే వెయ్యి అంటే చదువూ చెడుతుంది, లెక్కా చెడుతుంది. కోపం వచ్చినప్పుడు ఆ నెల డబ్బు ఆపడం ఇంకొకటి. జీతం ఎప్పుడు ఆగుతుందో తెలియని మనిషి ప్రణాళిక వేసుకోగలడా? తప్పు చేస్తే శిక్ష వేరే చూడండి, తేదీని ముట్టుకోవద్దు.

అన్నింటికంటే నన్ను బాధపెట్టేది వేరు. కొడుక్కి పదిహేనేళ్లకే ఏటీఎం కార్డు ఇస్తారు, కూతురికి డిగ్రీ అయ్యేదాకా బస్సు చార్జీ లెక్కపెట్టి ఇస్తారు. "దానికి డబ్బుతో ఏం పని?" అనే తండ్రులను నేను చాలామందిని చూశాను. అదే ఇంట్లో తల్లి పొదుపు సంఘంలో సభ్యురాలై ఉంటుంది, సంఘం పుస్తకాలు రాస్తుంటుంది, బ్యాంకు లింకేజీ రుణం వాయిదా ఒక్కరోజు దాటనివ్వదు. కర్నూలు పక్కన ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు నడిపిన లావాదేవీలను చూడటానికి బయటి నుంచి మనుషులు వచ్చారు. అమ్మలకు చెప్పేది ఒక్కటే: సంఘం సమావేశానికి మీ అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. తీర్మానం ఎలా రాస్తారో, ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలో పది మంది కూర్చుని ఎలా తేలుస్తారో చూడనివ్వండి. నా తరగతిలో ఏడాది చెప్పినా అంత ఎక్కదు.

ఫలితం ఎలా చూసుకోవాలి

మూడు నెలల తర్వాత ఇవి గమనించండి.

- చెప్పాపెట్టకుండా ఒక రోజు అడగండి: "ఇప్పుడు నీ దగ్గర ఎంత ఉంది?" ఫోను చూడకుండా పాతిక రూపాయల తేడాలో చెప్పగలిగితే పద్ధతి పట్టుబడింది.
- పుస్తకంలో "తెలియనిది" వరుస తగ్గుతూ రావాలి. అసలు ఎప్పుడూ లేకపోతే అనుమానించండి, లెక్క కల్పిస్తున్నారేమో.
- చేబదులు ఇచ్చిన 50 తిరిగి వచ్చిందా, అడగగలిగారా?
- కావాలనుకున్న వస్తువు కోసం ఒక నెలైనా ఆగారా?
- చేసిన దండగ ఖర్చును మీరు అడగకుండానే చెప్పారా? ఇది జరిగితే మిగతావన్నీ నెమ్మదిగా వస్తాయి.

నిలవకపోతే మొత్తం తగ్గించకండి, గడువు తగ్గించండి. నెలకు ఇస్తున్నది వారానికి ఇవ్వండి. నాలుగు వారాలు కుదిరాక పదిహేను రోజులకు, ఆ తర్వాత మళ్లీ నెలకు. ఇంకో రకం పిల్లలు ఉంటారు, ఒక్క రూపాయి తీయరు. టీ తాగరు, చిరిగిన చెప్పుతోనే తిరుగుతారు. ఇంటి కష్టం తెలిసిన పిల్లలు తరచూ ఇలా చేస్తారు. అది మంచి ఫలితం అనుకోకండి. ఖర్చు చేయాల్సిన చోట చేశారా అని కూడా పుస్తకంలో చూడండి, చెప్పులు కొనమని మీరే చెప్పండి.

పద్దెనిమిది నిండాక

పిల్లల ఖాతాకు కొత్తగా సంతకం, గుర్తింపు పత్రాలు ఇవ్వాలి. ఆ నెలలోనే శాఖకు వెళ్లి పూర్తి చేయించండి. ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు పోయే ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేర్పించండి; ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి. పెనుకొండ వైపు కార్ల ఫ్యాక్టరీలోనో, బెంగళూరులోనో ఉద్యోగం వచ్చి క్రెడిట్ కార్డు ఇస్తామంటే, బిల్లులో "కనీస మొత్తం" మాత్రమే కట్టి మిగతాది ఉంచేస్తే చాలా కార్డులు నెలకు నూటికి మూడు రూపాయల పైనే వేస్తాయని చెప్పండి. ఊరి వడ్డీ లెక్క ముందే తెలిసిన పిల్లలకు ఇంతకంటే వివరించక్కరలేదు.

నెల ఆదాయం లేని ఇళ్లలో

కూలికి వెళ్లేవారు, పిల్లలను అవ్వ దగ్గర వదిలి ఆదోని, కోసిగి వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు జిల్లాకు వలస వెళ్లేవారు తేదీ ప్రకారం ఇవ్వలేరు. వారు ఇలా చేయవచ్చు. వెళ్లే ముందు ఎంత వీలైతే అంత, అవ్వ ముందే, పెద్ద పిల్లకో పిల్లవాడికో ఇచ్చి, మళ్లీ డబ్బు పంపే వారం ఏదో చెప్పండి. ఆ వారాలను లెక్కపెట్టి అన్ని కవర్లలో సమంగా పెట్టించండి, ఒక కవరు అదనంగా ఉండేలా. పనులు ఆలస్యమైతే ఆ అదనపు కవరు ఆదుకుంటుంది. ప్రతి కవరు మీద ఏ వారానిదో తేదీ రాయించి, అవ్వ దగ్గరే ఉంచి, ఆదివారం ఒకటి మాత్రమే తీసుకోమనండి. వారానికి ఒకసారి ఫోనులో పిల్లలు పుస్తకంలోని "మిగిలింది" వరుస చదివి వినిపిస్తే చాలు.